టేక్ సున్నా

"స్ట్రింగ్స్ అందుకునే ఆ నాలుగు బార్లూ ఉన్నట్టేనా?" అని రికార్డింగ్ చివర్లో మా ప్రొడ్యూసర్ అడిగారు. స్ట్రింగ్స్ అంటే వయొలిన్ కుటుంబం, బార్ అంటే మన తాళంలో ఆవర్తనం లాంటిది. ఆవిడ కళ్లు వీడియో మానిటర్ మీదే ఉన్నాయి. అందులో ఆర్కెస్ట్రా మేనేజర్ అప్పటికే లేచి నిలబడి గడియారం చూసుకుంటున్నాడు. సెషన్ ముగియడానికి ఇంకా నాలుగు నిమిషాలుంది. నేను స్కోరు, అంటే అందరి స్వరాలూ రాసి ఉన్న పుస్తకం, పేజీ తిప్పి, నా పెన్సిల్ గీతలు చూసి, "ఉన్నాయి. టేక్ 47లో శుభ్రంగా ఉన్నాయి" అన్నాను.

ఆవిడ హాల్లోకి మాట వినిపించే టాక్‌బ్యాక్ బటన్ నొక్కి అందరికీ థ్యాంక్స్ చెప్పేశారు. ఇరవయ్యారు మందీ వాయిద్యాలు పెట్టెల్లో సర్దుకుని వెళ్లిపోయారు.

47లో అవి శుభ్రంగా లేవు. ఆ సంగతి నాకు పది రోజుల తర్వాత ఎడిటింగ్‌లో తెలిసింది.

అసలు నేను అక్కడికి ఎలా చేరానో ముందు చెప్పాలి. మాది విజయనగరం. అక్కడి మహారాజా సంగీత కళాశాలలో వయొలిన్ నేర్చుకున్నాను. 1919లో పెట్టిన కాలేజీ, ద్వారం వెంకటస్వామి నాయుడు గారు ప్రిన్సిపాల్‌గా చేసిన చోటు. ఆ కాలేజీలో చదివినవాడెవడూ ఈ మాట చెప్పకుండా ఊరుకోడు, నేనూ అంతే. వాయించడంలో మాత్రం అంతంతమాత్రం. "నీ చెయ్యి కన్నా నీ చెవి మేలురా" అనేవారు మా మాస్టారు. అది మెచ్చుకోలో ఓదార్పో ఇప్పటికీ తెలీదు. బీటెక్ అయ్యాక హైదరాబాద్‌లో ఒక రికార్డింగ్ స్టూడియోలో మూడేళ్లు పనిచేసి, తర్వాత సౌండ్ రికార్డింగ్ చదవడానికి బెర్లిన్ వచ్చాను. జర్మనీలో ఈ పని చేసేవాళ్లని టోన్‌మైస్టర్ అంటారు. స్కోరు చదవగలగాలి, మైకులూ తెలియాలి. డెట్మోల్డ్ అనే చిన్న ఊళ్లో 1949 నుంచీ దీన్ని చదువుగా చెబుతున్నారు. నేను ఆ బిరుదుకి ఇంకా చాలా దూరం. ఖర్చుల కోసం రికార్డింగులకి అసిస్టెంటుగా వెళ్తుంటాను, అంతే.

ఈసారి వచ్చిన పని ఒక ఛాంబర్ ఆర్కెస్ట్రాది. మూడు రోజుల్లో రెండు మోజార్ట్ పియానో కన్‌చెర్టోలు, అంటే పియానో ఆర్కెస్ట్రాతో కలిసి వాయించే రచనలు. నేను చెబుతున్నది రెండోదాని గురించి: ఎ మేజర్, కె. 414 (మోజార్ట్ రచనల జాబితాలో దాని నంబరు). మోజార్ట్ 1782లో వియన్నాలో మూడు కన్‌చెర్టోలు రాశాడు, వాటిలో ఇదొకటి. ఊరికి కొత్త, పెళ్లి కూడా కొత్త, డబ్బు కావాలి. ఆ డిసెంబర్లో తండ్రికి రాసిన ఉత్తరంలో, ఇవి మరీ తేలికా కాదు మరీ కష్టమూ కాదు, తెలిసినవాళ్లకి మాత్రమే అందే చోట్లున్నాయి, తెలియనివాళ్లకి కూడా ఎందుకో తెలియకుండానే నచ్చుతాయి అని రాశాడు. తర్వాతి నెల పేపర్లో ప్రకటన వేయించాడు: ఓబోలు, హార్న్‌లతో పూర్తి ఆర్కెస్ట్రా ఉంటే అలా వాయించుకోండి, లేకపోతే రెండు వయొలిన్లు, ఒక వియోలా, ఒక చెల్లో ఉన్నా చాలు అని. పెళ్లికైనా గృహప్రవేశానికైనా మెనూ మార్చి వండిపెడతానన్న వంటమేస్త్రీ లెక్క. మా రికార్డింగులో మాత్రం అందరూ ఉన్నారు. మొదటి వయొలిన్లు ఆరు, రెండోవి అయిదు, వియోలాలు నాలుగు, చెల్లోలు మూడు, డబుల్ బాస్‌లు రెండు, గాలి వాయిద్యాలు ఓబో, బసూన్, హార్న్ తలా రెండు. కండక్టర్ లేడు. పియానిస్టే వాయిస్తూ నడిపిస్తాడు. మోజార్ట్ కాలంలో అదే పద్ధతి.

బెర్లిన్‌లో రికార్డింగ్ అంటే డాలెమ్‌లోని యేసు క్రీస్తు చర్చి పేరు ముందు చెబుతారు. 1930ల మొదట్లో కట్టిన ఆ చర్చిలో బెర్లిన్ ఫిల్‌హార్మోనిక్ కండక్టర్లు ఫుర్ట్‌వెంగ్లర్‌తో, కరాయన్‌తో చేసిన రికార్డులు వినే మేమంతా పెరిగాం. మాకు దొరికింది అది కాదు. ఊరి శివార్లలో ఇంకో చర్చి, చుట్టూ పెద్ద చెట్లు. మోగుడు బాగుంటుంది, అద్దె తక్కువ. నవంబర్ నెల.

ముందురోజు పొద్దున్నే పియానో వచ్చింది. తొమ్మిది అడుగుల కన్సర్ట్ గ్రాండ్, దాదాపు 480 కిలోలు. ముగ్గురు మనుషులు కాళ్లు ఊడదీసి, పక్కకి పడుకోబెట్టి, దుప్పట్లలో చుట్టి తీసుకొచ్చారు. మన దగ్గర బీరువా దించేటప్పుడు వినపడే కేకలేవీ లేవు. మూత తీసేసి, కీబోర్డు హాలు వైపు, తోక ఆర్కెస్ట్రా లోపలికి వచ్చేలా పెట్టారు. అలా పెడితేనే పియానిస్ట్ మొహం అందరికీ కనపడుతుంది. లైవ్ కచేరీలో అయితే మూత తీస్తే ధ్వని పైకి పోయి జనానికి సరిగా చేరదు. మాకు మైకులు పైనే ఉంటాయి కాబట్టి బెంగ లేదు.

నాకు కేబుళ్ల పని. ప్రధానమైన మైకులు మూడు. ఒక టీ ఆకారం కడ్డీకి ఎడమ, కుడి, మధ్యలో కాస్త ముందుకి ఒకటి, నేల నుంచి మూడు మీటర్లకి పైన. 1950ల్లో డెక్కా రికార్డుల కంపెనీ ఇంజనీర్లు కుదిర్చిన అమరిక ఇది, పేరు కూడా డెక్కా ట్రీయే. రికార్డులో మనం వినేదాంట్లో ముప్పాతిక వంతు ఈ మూడిట్లోదే. పియానోకి దగ్గరగా ఒక జత, గాలి వాయిద్యాలకి ఒక జత, హార్న్‌లకి ఒకటి, బాస్‌లకి ఒకటి. ఇవి పోపు లాంటివి, కొంచెమే వెయ్యాలి. ధ్వని సెకనుకి సుమారు 343 మీటర్లే పోతుంది. ఎనిమిది మీటర్ల దూరంలో ఉన్న హార్న్ తన దగ్గరి మైకులో ముందే వినపడి, ఆ డెక్కా ట్రీ దగ్గరికి 23 మిల్లీసెకన్లు ఆలస్యంగా వస్తుంది. ఆ తేడా కొలిచి దగ్గరి మైకుల ధ్వనిని అంత ఆలస్యం చెయ్యాలి. ఈ కొలతలన్నీ నావే. టేపు పట్టుకుని చర్చి అంతా తిరిగాను.

సాయంత్రం ఆర్కెస్ట్రా వచ్చింది. బ్యాలెన్స్ కోసం ఏదో ఒకటి వాయించండి అన్నారు ప్రొడ్యూసర్. వాళ్లు రెండో మూవ్‌మెంట్ (భాగం) ఆండాంటే, అంటే నడక వేగంలో సాగేది, ఎత్తుకున్నారు. ఇంకా కోట్లు కూడా విప్పలేదు. కొందరు వాయిస్తూనే కుర్చీలు జరుపుకుంటున్నారు. నేను ఇంకా హాల్లోనే కేబుళ్లతో ఉన్నాను. మెషీన్ నడుస్తూనే ఉంది, ఎందుకంటే దాన్ని ఆపకూడదని మా ప్రొడ్యూసర్ నియమం. ఫైలుకి నేను టేక్ 0 అని పేరు పెట్టి మర్చిపోయాను.

హైదరాబాద్ స్టూడియోలో నేను చేసిన పనికీ దీనికీ పోలికే లేదు. అక్కడ తాళం చూపే క్లిక్ చెవిలో పెట్టుకుని తబలా ఒకరోజు, ఫ్లూట్ ఇంకోరోజు, పాడేవాళ్లు చివర్న. ఫ్లూట్‌లో ఒక స్వరం కిందికుంటే ఆ స్వరం ఒక్కటే పైకి లాగేస్తాం, తబలాకి తెలియను కూడా తెలియదు. ఇక్కడ క్లిక్ లేదు, గదుల మధ్య అద్దాలు లేవు. అందరూ ఒకే గాలిలో వాయిస్తారు. హార్న్ ఒక్క స్వరం చిట్లితే అది పియానో మైకులోనూ ఉంటుంది, వయొలిన్ల మైకులోనూ ఉంటుంది. హార్న్‌ని విడిగా బాగుచేయడం కుదరదు. ఆ బార్ మొత్తాన్ని, ఇరవై ఏడు మందితో సహా, ఇంకో టేక్‌లోంచి తీసుకురావాలి. కాబట్టి ఎక్కడెక్కడ ఏ టేక్ బాగుందో సెషన్ జరుగుతుండగానే రాసుకోవాలి. అందుకే పెన్సిల్.

కంట్రోల్ రూమ్ అంటే చర్చి వెనక చిన్న గది. పాస్టర్ గారి అంగీలు వేలాడే చోట మా స్పీకర్లు. ప్రొడ్యూసర్ మధ్యలో, ఇంజనీర్ కుడి పక్క, నేను ఎడమ పక్క పెద్ద స్కోరుతో. టేక్ మొదలైన చోట నంబరు వేసి, సంగీతంతో పాటే పైన గీత గీసుకుంటూ పోవాలి. ఆగిన చోట చిన్న నిలువు గీత. శ్రుతి తేడా వస్తే అలలాంటి గీత, కలిసి పడకపోతే సున్నా, చప్పుడు వస్తే ఇంటూ. బాగుంటే టిక్. మూడు రోజులు గడిచేసరికి ఒక్కో పేజీ మా ఊరి కరెంటు స్తంభంలా అయిపోతుంది, ఏ తీగ ఎక్కడికి పోతుందో పెట్టినవాడికే తెలియాలి. పెన్ను నిషేధం. చెరిపేయాల్సిన అభిప్రాయాలే ఎక్కువ.

మొదటి రోజు రెండు పూర్తి టేకులు. పూర్తి టేక్ అంటే మూవ్‌మెంట్ మొదటి నుంచి చివరిదాకా ఆగకుండా. తప్పులుంటాయి, ఉన్నా ఫర్వాలేదు. నడక ఎలా ఉండాలో, ఎక్కడ ఊపిరి పీల్చుకోవాలో వాటిలోనే తేలుతుంది. ఎర్ర లైటు వెలిగాక ఆండాంటే ముందురోజు సాయంత్రం కన్నా నెమ్మదైపోయింది. మన పిల్లలు స్టేజీ ఎక్కగానే వర్ణం పరిగెత్తిస్తారు, వీళ్లకి భయం వేస్తే నెమ్మదిస్తారు కాబోలు. రాత్రి పియానిస్ట్ కంట్రోల్ రూమ్‌కి వచ్చి రెండూ విన్నాడు. విన్నంతసేపూ కిటికీ వైపు తిరిగి నిలబడ్డాడు. "అంత్యక్రియల్లా ఉంది. రేపు కదిలిద్దాం" అన్నాడు. దాంతో ఆ రెండు టేకులూ ఆండాంటే వరకు పనికిరాకుండా పోయాయి. వేరే వేగంలో ఉన్న బార్లు తెచ్చి అతికిస్తే పరుగెడుతున్నవాడి కాలికి ఇంకొకడి చెప్పు తొడిగినట్టుంటుంది.

అంత్యక్రియలు అన్న మాట ఆయన ఊరికే అనలేదు. ఈ ఆండాంటే మొదట్లో వినిపించే ట్యూన్ మోజార్ట్ సొంతం కాదు. యొహాన్ క్రిస్టియాన్ బాఖ్ ఒక ఒపెరాకి ముందుమాటలా రాసిన ఓవర్చర్‌లోది. పెద్ద బాఖ్ (యొహాన్ సెబాస్టియాన్) ఆఖరి కొడుకు, లండన్‌లో స్థిరపడ్డాడు, 1782 జనవరి 1న చనిపోయాడు. ఆ ఏడాదే మోజార్ట్ ఈ కన్‌చెర్టో రాశాడు. నివాళి అని ఎక్కడా రాయలేదు, ఆ ట్యూన్ తెచ్చి పెట్టుకున్నాడు, అంతే.

రెండో రోజు చలి. హీటర్ ఫ్యాను చప్పుడు మైకుల్లో పడుతుందని సెషన్ ముందే ఆపేయాలి. పదకొండు గంటలకి వయొలిన్లవాళ్లు శాలువాలు కప్పుకున్నారు. చల్లబడితే గాలి వాయిద్యాల శ్రుతి కిందికి జారుతుంది, పియానో మాత్రం తన శ్రుతి మీదే కూర్చుంటుంది. కచేరీలో తంబురాకి అందరూ లొంగినట్టు ఇక్కడ పియానోకి లొంగాలి. ఓబోలిద్దరూ పాపం విరామాల్లో కూడా వాయిద్యాన్ని కోటు లోపల పెట్టుకుని తిరిగారు. పియానో ట్యూనర్ వెనక బల్ల మీద కూర్చుని పేపర్ చదువుకుంటూ ఉంటాడు, ఏదీ వింటున్నట్టే ఉండడు. పియానోలో చాలా స్వరాలకి మూడేసి తీగలు. మూడిట్లో ఒక్కటి వెంట్రుకవాసి జారినా ఆ స్వరం లోపల ఒక కంపనం మొదలవుతుంది, చేదుగా. బ్రేక్ అనగానే ఆయన పేపర్ మడిచి, సరిగ్గా ఆ తీగ దగ్గరికే వెళ్తాడు.

మధ్యాహ్నం ఆండాంటే ముక్కలు మొదలయ్యాయి. పియానో పాడిన వాక్యాన్ని స్ట్రింగ్స్ అందుకునే చోటు ఒకటుంది. ట్రిల్ (రెండు పక్కపక్క స్వరాల మధ్య వేగంగా ఊగడం) అయ్యీ అవకముందే వయొలిన్లు మెత్తగా కింది నుంచి వచ్చి చేరాలి. టేక్ 45లో రెండో వయొలిన్లు పిసరంత ఆలస్యం, సున్నా పెట్టాను. టేక్ 46 అద్భుతంగా పోతోంది, ప్రొడ్యూసర్ కుర్చీలో వెనక్కి కూడా వాలారు. అప్పుడు స్పీకర్లలో సన్నగా ఒక గూ... మొదలైంది. ముందు ఎయిర్ కండిషనర్ అనుకున్నాను. నవంబర్లో ఎయిర్ కండిషనరా! బయట ఎవరో ఆకులు ఊదే మెషీన్ పెట్టారు.

వెళ్లమని ఆవిడ కళ్లతోనే నాకు సైగ చేశారు. పరుగెత్తాను. చర్చి పక్క సందులో ఒక పెద్దాయన చెవులకి ఇంత మందం డొప్పలు పెట్టుకుని బంగారు రంగు ఆకుల్ని ఓ మూలకి తోలుతున్నాడు. నా జర్మన్ మామూలుగానే నత్తనడక, ఆయాసంలో అది కూడా రాలేదు. చేతులతో వయొలిన్ వాయిస్తున్నట్టు చూపించి, చర్చి వైపు చూపించి, దణ్ణం పెట్టాను. ఆయన డొప్పలు తీసి, "ఏం వాయిస్తున్నారు?" అని అడిగాడు. చెప్పాను. "అయితే నాకు అయిదింటి దాకా అవతలి రోడ్డు పని ఉందిలెండి" అన్నాడు. నాకు ఆ మనిషికి కాఫీ ఇప్పించాలనిపించి, ఫ్లాస్క్ కోసం వంటగదికి వెళ్లాను. అదీ నా తప్పు మొదలైన చోటు. అక్కడ ఒక మూడు నాలుగు నిమిషాలు పోయాయి.

నేను తిరిగి వచ్చేసరికి టేక్ 47 అయిపోయి, ఆ తర్వాతి పేజీ నుంచి 48 నడుస్తోంది. ప్రొడ్యూసర్ స్కోరు మీద నుంచి కళ్లు తీయకుండా, "47 బాగుంది" అన్నారు గుసగుసగా. నేను నంబరు వేసి, వాక్యం మొదటి నుంచి పేజీ చివరిదాకా ఒకే గీత లాగి, టిక్ పెట్టాను. ఆవిడ బాగుందన్నది పియానో వాక్యం. నేను టిక్ పెట్టింది దాని తర్వాత ఉన్న నాలుగు బార్లతో కలిపి. నేను వినని బార్లకి.

ఆ రాత్రి కడెన్జాలు, అంటే ఆర్కెస్ట్రా ఆగితే పియానో ఒంటరిగా వాయించే భాగాలు. ఆర్కెస్ట్రాని పంపించేశాక పియానిస్ట్ ఒక్కడే మిగిలాడు. ఈ కన్‌చెర్టోకి మోజార్ట్ రాసిన కడెన్జాలు రెండు జతలు మిగిలాయి. కడెన్జా చివర ఉండే ట్రిల్ మీద ఆర్కెస్ట్రా వచ్చి పడాలి కదా, వాళ్లు లేకుండా ఎలా అంటారా? వాళ్లు మధ్యాహ్నమే ఆ ట్రిల్ నుంచి తమ భాగం మూడుసార్లు వాయించి వెళ్లారు. ఈ ట్రిల్‌లో ఎక్కడో ఒకచోట కత్తిరించి ఆ ట్రిల్‌కి కలపాలి. చీకటి చర్చిలో, పియానో మీద ఒక్క దీపంతో ఆయన పదకొండింటి దాకా వాయించాడు. మూడు రోజుల్లో నేను ఏమీ రాయకుండా విన్నది ఆ గంట ఒక్కటే. ప్రొడ్యూసరే "రాయక్కర్లేదు, అన్నీ వాడేలాగే ఉన్నాయి" అన్నారు.

మూడో రోజు చివరి నాలుగు నిమిషాల కథ మొదట్లోనే చెప్పాను. అందరూ వెళ్లకముందు ఒక నిమిషం ఖాళీ గాలిని రికార్డు చేసుకుంటాం. ఎవరూ కదలకూడదు. మూవ్‌మెంట్ల మధ్య వచ్చే నిశ్శబ్దం ఈ చర్చిదే అయి ఉండాలి, లేకపోతే వినేవాడి చెవికి గది మాయమైనట్టుంటుంది. ఇరవై ఏడు మంది అలా కదలకుండా కూర్చుంటే ఒక చెల్లో ఆయన కడుపు గుర్రుమంది. మళ్లీ తీశాం.

ఎడిటింగ్ మొదటి కూర్పు నాకే ఇచ్చారు. కింద ఖాళీ పట్టీ, పైన టేకులన్నీ వరసగా. స్కోరులో టిక్కులు చూసుకుంటూ ఒక్కో ముక్కా కిందికి దించుకోవాలి. కొత్తవాళ్లు బార్ గీత దగ్గర కత్తిరిస్తారు, నేనూ మొదట్లో అలాగే చేసేవాడిని. అలా చేస్తే ముందు స్వరం మోగుడు టక్కున తెగి, ఇంకెక్కడిదో మోగుడు వచ్చి కూర్చుంటుంది. కొత్త స్వరం మొదలైన క్షణంలో, దాని దెబ్బ చాటున కత్తి పెట్టాలి. చెవి ఆ దెబ్బ వైపు చూస్తుండగా వెనక గోడ మార్చేయాలన్నమాట. మొదటి మూవ్‌మెంట్ రెండు రోజుల్లో పూర్తయింది. నా మీద నాకే ముద్దొచ్చింది.

ఆండాంటేలో టేక్ 47 దించి, హెడ్‌ఫోన్లు పెట్టుకుని విన్నాను. పియానో వాక్యం బాగుంది. ట్రిల్ ముగిసింది, కింద వయొలిన్లు వచ్చాయి, ఎఫ్ షార్ప్ అనే స్వరం మీద పియానో ఆగింది. ఆ ఎఫ్ షార్ప్ లోపల చేదు. మూడు తీగల్లో ఒకటి జారిపోయింది. సెషన్లో ప్రొడ్యూసర్ చెవి వయొలిన్లు కలిశాయా లేదా అన్నదాని మీద ఉండి దాటిపోయి ఉంటుంది. ట్యూనర్ మాత్రం తర్వాతి బ్రేక్‌లో వెళ్లి సరిచేశాడు, అది నాకు గుర్తుంది. సరిచేశాక ఆ చోటు మళ్లీ ఎవరూ వాయించలేదు. ఎందుకు వాయిస్తారు, నేను టిక్ పెట్టాను కదా.

45లో రెండో వయొలిన్లు ఆలస్యం. 46లో ఆకుల మెషీన్. ఆ గూ... తీసేయడానికి సాఫ్ట్‌వేర్ ఉంది. తీస్తే దాంతోపాటు చెల్లోల కింది గరుకు కూడా పోయి ప్లాస్టిక్ చెల్లోలు మిగిలాయి. 48 తర్వాతి పేజీ నుంచి మొదలవుతుంది. మొదటి రోజు టేకులు అంత్యక్రియలు. శుక్రవారం రాత్రి ఒంటిగంట అయింది. టెన్షన్‌లో టీ మీద టీ. ఇరవై ఏడు మందిని, పియానోని, చర్చిని నాలుగు బార్ల కోసం మళ్లీ పిలవాలంటే ఎంతవుతుందో కాగితం మీద లెక్కేసి, కాగితం చింపేశాను.

శనివారం మాస్టారికి ఫోన్ చేశాను. సలహా కోసం కాదు, ఎవరితోనైనా తెలుగులో మాట్లాడాలనిపించింది. అంతా విని ఆయన ముందు అన్న మాట, "ముక్కలు ముక్కలుగా వాయించి అతికిస్తే దాన్ని వాయించడం అంటార్రా?"

నాకు కోపం వచ్చింది. ఆయనకి లండన్ కథ చెప్పాను. మోజార్ట్ ఎనిమిదేళ్లప్పుడు తండ్రి లండన్ తీసుకెళ్తే, అక్కడ రాణిగారి సంగీతం మాస్టరుగా ఉన్న ఇదే చిన్న బాఖ్ పిల్లవాణ్ణి తన మోకాళ్ల మధ్య నిలబెట్టుకుని, తను కొన్ని బార్లు వాయించి ఆపేవాడు, పిల్లవాడు అక్కణ్ణుంచి అందుకునేవాడు. అలా ఒక సొనాటా మొత్తం వాయించారనీ, కళ్లతో చూడనివాళ్లు ఒక్కరే వాయిస్తున్నారనుకునేవారనీ మోజార్ట్ అక్క తర్వాత రాసిపెట్టింది. "మరి అది వాయించడం కాదా మాస్టారూ?" అన్నాను.

అవతల కాసేపు ఫ్యాను చప్పుడు. "అయితే వాళ్లకి అతుకు దగ్గర నడక తెగలేదన్నమాట. నువ్వు స్వరాలు చూసుకుంటున్నావు. నడక ఎక్కడ కలుస్తుందో చూసుకో. అన్నం తిన్నావా?" అన్నారు.

నడక అనగానే సాయంత్రం వాయించిన ఆండాంటే గుర్తొచ్చింది. కోట్లు విప్పకుండా, కుర్చీలు జరుపుకుంటూ వాయించినది. అది నెమ్మది కాదు. ఎర్ర లైటుకి ముందు కదా. టేక్ 0 తెరిచాను.

నాలుగు బార్లూ ఉన్నాయి. ఎఫ్ షార్ప్ తీయగా ఉంది. వయొలిన్లు పిలవకుండానే వచ్చినట్టు వచ్చాయి. కుర్చీల చప్పుడు వాటికి ముందే ఆగింది. పియానో మైకులు అప్పటికి ఇంకా చివరి చోటికి జరపలేదు, ఓ జానెడు తేడా. అయినా ఆ బార్లలో పియానో ఉన్నది కొంచెమే, ప్రధానమైన మూడు మైకులూ మూడు రోజులూ కదల్లేదు. నేరుగా ఆ నాలుగు బార్లే పెడితే అతకలేదు, మొదటి అడుగు దగ్గర తడబాటు. రెండు బార్లు వెనక్కి జరిగి, పియానో వాక్యం ఊపిరి తీసుకునే చోట కత్తి పెట్టాక నడక కలిసింది. చివర్న 48లోకి దిగడానికి మాత్రం ఆదివారం మొత్తం పట్టింది.

సోమవారం ప్రొడ్యూసర్‌కి అంతా చెప్పేశాను, కాఫీ ఫ్లాస్క్‌తో సహా. ఆవిడ కళ్లు మూసుకుని ఆ చోటు మూడుసార్లు విన్నారు. "ఇకమీద గదిలో లేనప్పుడు పేజీ మీద 'లేను' అని రాయండి" అన్నారు. అంతకు మించి ఏమీ అనలేదు. అప్పటి నుంచి నా స్కోర్లలో తెలుగులో "లేను" అని కనపడుతుంటుంది. ఆవిడకి ఆ అక్షరాలు ఇప్పుడు గుర్తుపట్టడం వచ్చు.

కూర్పు పియానిస్ట్‌కి వెళ్లింది. వారం తర్వాత ఆయన జాబితా వచ్చింది, ముప్పై ఒక్క అంశాలు. మొదటి మూవ్‌మెంట్లో ఇది బరువైంది, చివరి మూవ్‌మెంట్ రోండోలో అక్కడ ఎడమ చెయ్యి వినపడటం లేదు, కడెన్జాలో రెండోసారి వాయించింది పెట్టండి. ఆండాంటే దగ్గరికి వచ్చేసరికి నా గుండె గొంతులో ఉంది. నాలుగు బార్ల గురించి ఏమీ రాయలేదు. వాటి పక్క బార్ గురించి రాశాడు: "దీని ముందున్న నాలుగు బార్లు ఏ టేక్‌లోవి? ఈ బార్ కూడా అందులోంచే తీసుకోవడం కుదురుతుందా?"

కుదరదు. టేక్ 0లో ఆ తర్వాతి బార్ మొదటి బీటు నుంచీ, ఎడమ నుంచి కుడికి, హార్న్‌ల కేబుల్ లాక్కుంటూ నేను నడుస్తున్నాను. స్టీరియోలో చాలా స్పష్టంగా వచ్చింది. మొత్తం పదకొండు అడుగులు.